అద్దెయింట తోడుజంతువు – యజమాని ధర్మము



నేటి నా ప్రసంగవిషయము మొదట కొంత వింతగా తోచవచ్చును. అద్దెయింట నుండువాడు తన యనారోగ్యము కారణముగా కుక్కనో పిల్లినో తోడుంచుకొందునని కోరినపుడు ఇంటియజమాని యేమి చేయవలెను? ఇది ముఖ్యముగా అమెరికా సంయుక్తరాష్ట్రముల చట్టమునకు సంబంధించిన ప్రశ్న. దానితో మనకేమి పని యందురేమో. మన జిల్లాల గ్రామములనుండి ఎందరో బిడ్డలు చదువులకును ఉద్యోగములకును ఆ దేశమునకు పోయియున్నారు. వారు మొదట అద్దెయిండ్లలో నుందురు. కొన్నియేండ్లకు ఇల్లు కొందురు. కొందరు మఱియొక యిల్లు కొని అద్దెకును ఇత్తురు. ఇల్లు అచ్చటనున్నను, సంశయము కలిగినపుడు పెద్దల సలహాకై టెలిఫోను మ్రోగునది మన యింటిలోనే. తెలిసి చెప్పిన మాట మేలు చేయును. తెలియక చెప్పిన మాట బిడ్డను కోర్టు మెట్లెక్కించును.

గడచిన సంవత్సరము మా యూరి రైతొకడు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మావాడు అక్కడ ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కుక్కా పిల్లీ కూడదని కాగితంలో రాయించుకున్నాడు. ఇప్పుడు అద్దెకున్నాయన డాక్టరు చీటీ చూపించి కుక్కను తెచ్చుకుంటానంటున్నాడట. చీటీ చూపిస్తే కాగితం చెల్లకుండా పోతుందా? వాళ్లకు కుక్కలంటే అంత ప్రేమా?" అని యడిగెను. ఈ ప్రశ్నలో రెండు భాగములున్నవి. చీటి కాగితమును గెలుచునా యనునది మొదటిది. ఆ చట్టము కుక్కలపై ప్రేమచేత పుట్టినదా యనునది రెండవది. రెండవదానికి సమాధానము తెలిసినచో మొదటిది సులభముగా తెలియును.

ముందుగా జంతువులను మూడు తెగలుగా విభజించి చూడవలెను. మొదటిది పెంపుడు జంతువు. ఇది వేడుకకై పెంచునది. దీనిని యజమాని వలదనవచ్చును. రెండవది పని నేర్చిన సేవాజంతువు. గ్రుడ్డివానిని త్రోవ నడిపించు కుక్క, చెవిటివానికి తలుపు తట్టినది తెలుపు కుక్క, మూర్ఛ వచ్చినవాని కాచి సహాయమును పిలుచు కుక్క, యుద్ధమునుండి తిరిగివచ్చి పీడకలలచే కేకలువేయు సైనికుని నిద్రనుండి లేపు కుక్క – ఇవన్నియు ఈ తెగలోనివి. మూడవది ఊరటజంతువు. దీనికి ప్రత్యేకమైన శిక్షణ ఉండదు. మనోవ్యాధిగ్రస్తుని చెంత నుండుటయే దీని పని. ఆ సన్నిధిచేతనే రోగి భయము తగ్గును, వేళకు లేచును, వేళకు తినును. అచ్చటివారు దీనిని ఎమోషనల్ సపోర్ట్ ఆనిమల్ అందురు. మన చర్చయంతయు ముఖ్యముగా ఈ మూడవదానిని గూర్చియే.

సేవాశునకముల చరిత్ర యంత ప్రాచీనమైనది కాదు. మొదటి ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన సైనికులకొరకు 1916లో జర్మనీదేశమున ఓల్డెన్‌బర్గు పట్టణమునందు త్రోవచూపు కుక్కలకు శిక్షణాలయము వెలసెను. అమెరికాలో నాష్‌విల్ నగరవాసియగు మారిస్ ఫ్రాంకు అను అంధయువకుడు ఐరోపాకు పోయి, స్విట్జర్లండులో బడ్డీయను కుక్కతో శిక్షణ పొంది, 1928లో స్వదేశమునకు మరలెను. మరుసటి యేడు, అనగా 1929లో, 'సీయింగ్ ఐ' అను శిక్షణసంస్థ ఆ దేశమున నెలకొనెను. ఇట్లు కుక్క మనుష్యునకు కన్నుగా మారిన పిమ్మటనే, ఆ కన్నును వాకిట విడిచి లోనికి రమ్మనుట న్యాయమా యను ప్రశ్న పుట్టినది.

ఇక చట్టమును చూతము. 1968 ఏప్రిల్ 4వ తేదీన మార్టిన్ లూథర్ కింగు హత్యకు గురియైన వారమునకు, అనగా ఏప్రిల్ 11వ తేదీన, ఆ దేశాధ్యక్షుడు జాన్సను న్యాయగృహవసతి చట్టముపై సంతకము చేసెను. దీనినే ఫెయిర్ హౌసింగ్ యాక్టు అందురు. జాతి, వర్ణము, మతము, పుట్టిన దేశము – వీనిని బట్టి ఇల్లు నిరాకరింపరాదని దాని సారము. 1988లో ఈ చట్టమును విస్తరించి వికలాంగులనుగూడ చేర్చిరి. ఆ సవరణ 1989 మార్చిలో అమలులోనికి వచ్చెను. ఇచ్చట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. వికలాంగునికి ఇల్లు లేదనకుండుట మాత్రమే చాలదు. ఆతడు తక్కినవారితో సమానముగా ఆ యింట నివసించి సుఖపడుటకు అవసరమైనచో, యజమాని తన నియమములలో సబబైన సర్దుబాటు చేయవలెను. చేయ నిరాకరించుటయే వివక్ష యని ఆ చట్టము చెప్పుచున్నది.

ఇది తేటపడుటకై చట్టముననుసరించి 1989లో చేసిన నిబంధనలలోనే ఒక యుదాహరణము కలదు. అంధుడొకడు త్రోవచూపు కుక్కతో ఒక భవనమున అద్దెకుండగోరెను. ఆ భవనమున జంతువులు కూడదను నియమము కలదు. యజమాని ఆ నియమము చూపి కాదనినచో నేరమగును. ఏలయన ఆ కుక్క లేనిచో ఆ అంధునకు ఆ యింటిని తక్కినవారితో సమానముగా అనుభవించు అవకాశముండదు. గమనింపుడు: ఇందు కుక్కపై ప్రేమయను మాట యెచ్చటను లేదు. నియమము అందరికిని ఒకటియే. కాని కన్నులున్నవానికి అది కుక్కను మాత్రమే నిషేధించును. కన్నులు లేనివానికి ఇంటినే నిషేధించును. చట్టము పట్టుకొనినది ఈ భేదమును.

మహాభారతమున మహాప్రస్థానికపర్వమందు ఇంద్రుడు రథముతో వచ్చి, వెంటవచ్చిన కుక్కను విడిచి రథమెక్కుమని ధర్మరాజుతో చెప్పెను. కుక్కలు కూడదను నియమము స్వర్గమునకును తప్పలేదు! ధర్మరాజు ఆ కుక్కను విడువనని పట్టుబట్టిన కథ మీకందరకు తెలిసినదే. కాని ఆ కథను ఈ చట్టమునకు ప్రమాణముగా చెప్పరాదు. ధర్మరాజు తన్నాశ్రయించిన జంతువుకొరకు పట్టుబట్టెను. ఈ చట్టము జంతువునాశ్రయించిన మనుష్యునికొరకు పట్టుబట్టుచున్నది. మా యూరి రైతు ప్రశ్నకు రెండవ భాగమున సమాధానమిదియే.

అంధుని విషయమున ఎవరును వాదింపరు. కన్నులు లేకుండుట కంటికి కనబడును. చిక్కంతయు కంటికి కనబడని వ్యాధిలోనే కలదు. జార్జియా రాష్ట్రమున డికాబ్ మండలమునందు ప్రభుత్వధనముతో నడుచు ఇండ్లలో మనోవ్యాధిగల యొక స్త్రీ చిన్నకుక్కతో నివసించుచుండెను. జంతువులు కూడదను నియమము ననుసరించి అధికారులు ఆమెను ఖాళీచేయింప బూనిరి. క్రిందికోర్టు విచారణ లేకయే ఆమెకు ప్రతికూలముగ తీర్పు చెప్పెను. 1981లో అప్పీలుకోర్టు దానిని త్రోసివేసి, ఆమె వ్యాధి నిజమా, ఆ కుక్క ఆమెకు నిజముగా అవసరమా యనునది విచారింపకయే కాదనరాదని నిర్ణయించెను. అప్పటికి 1988 సవరణ పుట్టనేలేదు. 1973లో వచ్చిన పునరావాసచట్టమే ఆమెకు ఆధారమైనది.

మఱియొక వ్యాజ్యము విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ నగరమునుండి వచ్చినది. చెవిటివారగు ఇద్దరు స్త్రీలు ఒక కుక్కనుంచుకొనిరి. తలుపు గంటయు, టెలిఫోనును, పొగను పసిగట్టు యంత్రమును మ్రోగినపుడు అది తమకు తెలుపునని వారు చెప్పిరి. అది శిక్షణ లేని సామాన్యపు కుక్కయని యజమాని చెప్పెను. 1995లో అప్పీలుకోర్టు ఇరువురికిని ఒక్కొక్క మాట చెప్పెను. నిజముగ చెవికి బదులుగా పనిచేయు కుక్కయైనచో, దానిని సమ్మతించుట సబబైన సర్దుబాటే యగును. యజమాని ధనలాభమును ఇంటి యందమును దానికి అడ్డు రాజాలవు. కాని ఆ కుక్క ఏ సహాయమును చేయనిదైనచో యజమానిపై అట్టి బాధ్యత లేదు. జ్యూరీవారికి ఇచ్చిన సూచనలు గందరగోళముగ నుండుటచే వ్యాజ్యము మరల విచారింపవలెనని ఆజ్ఞాపించెను. ఈ రెండు తీర్పుల సారమొక్కటియే: కాదనుటకు ముందు విచారింపుము, ఔననుటకు ముందును విచారింపుము.

ఆ విచారణ యెట్లు చేయవలెను? యజమాని అడుగదగిన ప్రశ్నలు రెండు. ఈ మనుష్యునకు వైకల్యము కలదా? ఆ వైకల్యమునకును ఈ జంతువునకును సంబంధము కలదా? రెండును కంటికి కనబడుచున్నచో అసలే యడుగరాదు. అంధుని, నీ గ్రుడ్డితనమునకు సాక్ష్యమేది యని యడుగుట అమర్యాద. కనబడనిచో, వైద్యుడో మానసిక చికిత్సకుడో వ్రాసిన నమ్మదగిన చీటిని కోరవచ్చును. అంతకు మించి, వ్యాధి పేరేమి, ఏ మందులు తినుచున్నావు, వైద్యశాలలో నెన్నినాళ్లుంటివి యని త్రవ్వరాదు. ఇల్లు అద్దెకిచ్చినవాడు ఇంటికి యజమానియేగాని అద్దెదారుని గుట్టునకు యజమాని కాడు.

పెంపుడు జంతువులకై అచ్చటి యజమానులు ప్రత్యేకముగ డిపాజిట్టును, నెలనెల అదనపు అద్దెను వసూలు చేయు వాడుక కలదు. వికలాంగునికి చేసిన సర్దుబాటునకు అట్టి రుసుము పెట్టరాదని ఆ దేశపు న్యాయశాఖయు గృహశాఖయు 2004లో కలిసి వివరించినవి. చేతికఱ్ఱ తెచ్చుకొనువానివద్ద నేల అరుగునని అదనపు అద్దె పుచ్చుకొందుమా? అట్లని యజమానికి రక్షణ లేకపోలేదు. జంతువు తలుపులు గీచినను, తివాసి చించినను, సామాన్యపు అరుగుదలకు మించిన నష్టమును అద్దెదారుడే భరింపవలెను. మలమూత్రములు శుభ్రము చేయుట, పొరుగువారికి బాధ కలుగకుండ చూచుట ఆతని బాధ్యతలే. ఇతరుల ప్రాణమునకు నిజముగ అపాయము కలిగించుచున్నపుడును, ఇంటికి తీవ్రనష్టము కలుగునపుడును ఒప్పుకొనవలసిన విధి లేదని చట్టమే చెప్పుచున్నది. కాని అపాయమనగా ఆ జంతువు చేసిన పనిని బట్టి నిర్ణయింపవలసినది. ఆ జాతి కుక్కలు కరచునని విన్నాను అను భయము చాలదు.

ఇక మోసముల మాట. చట్టమున్నచోట దాని నీడలో అంగడియు వెలయును. రోగి ముఖమైన చూడకయే, సొమ్ము పుచ్చుకొని, కంప్యూటరు ద్వారా ధ్రువపత్రములమ్మువారు ఆ దేశమున బయలుదేరిరి. 2018లో ఒకరు నెమలిని ఊరటపక్షియని చెప్పి విమానమెక్కింప జూచిరి. ఇట్టి పోకడల ఫలితమేమి? 2021 జనవరినుండి అమలైన నిబంధనచే విమానములవారు ఊరటజంతువులను సేవాజంతువులుగా గుర్తింపవలసిన యవసరము తొలగెను. అంగడులు, హోటళ్లు మొదలగు బహిరంగస్థలములకు వర్తించు 1990 నాటి వికలాంగుల చట్టమునందును, 2011 మార్చినుండి అమలైన నిబంధనల ప్రకారము, సేవాజంతువనగా పని నేర్చిన కుక్కయే. పొట్టిజాతి గుఱ్ఱమునకు ప్రత్యేకముగ కొంత అవకాశమొసగిరి. ఊరటజంతువునకు అచ్చట చోటు లేదు. కావున అంగడిలో చెల్లని జంతువు అద్దెయింట చెల్లవచ్చును. ఈ భేదము తెలియక ఇరుపక్షములవారును కలహించుచుందురు.

కొన్ని రాష్ట్రములు మోసమునకు కళ్లెము వేసినవి. కాలిఫోర్నియాలో 2022నుండి, ఊరటకుక్కకై చీటి వ్రాయు వైద్యునకు ఆ రోగితో కనీసము 30 దినముల పరిచయముండవలెనను నియమము వచ్చెను. ఫ్లోరిడాలో 2020లో, తప్పుడు పత్రము చూపుటను శిక్షింపదగిన నేరముగ చేసిరి. గృహశాఖవారు 2020 జనవరిలో యజమానులకు దారి చూపుటకై ఒక విపులమైన సూచనపత్రమును వెలువరించిరి. 2025 సెప్టెంబరులో దానిని ఉపసంహరించిరి. పత్రము తొలగినంత మాత్రమున చట్టము తొలగదు. శాసనసభ చేసిన చట్టమును, రాష్ట్రముల చట్టములును, కోర్టుల తీర్పులును వేరువేరుగ నిలిచియుండును. అందుచే పాత పత్రమును నమ్మి నడచుటయు, అది పోయినది గదా యని నిర్భయముగ కాదనుటయు రెండును తప్పే. ఆ రాష్ట్రపు న్యాయవాది నొకని ఒక గంటసేపు అడిగి తెలిసికొనుట చవుక.

అన్ని యిండ్లకును ఈ చట్టము ఒకే తీరున వర్తింపదు. నాలుగు వాటాలకు మించని ఇంటిలో ఒక వాటాయందు యజమాని తానే నివసించుచున్నచో, పెక్కు నిషేధములు ఆతనికి తగులవు. మూడిండ్లకు మించనివాడు దళారి సహాయము లేకుండ, వివక్షతో గూడిన ప్రకటన చేయకుండ, ఒంటియిల్లు అద్దెకిచ్చుకొనినను అట్లే. కాని ఇల్లు అద్దెకిచ్చు పనిని దళారికప్పగించినచో ఈ రెండవ మినహాయింపు పోవును. దూరమున నుద్యోగము చేయు మన బిడ్డలు పెక్కుసారులు దళారిపైననే ఆధారపడుదురు గనుక ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. మినహాయింపు ఉన్నచోటగూడ రాష్ట్రచట్టము కఠినముగ నుండవచ్చును.

కావున మా యూరి రైతు మొదటి ప్రశ్నకు నేను చెప్పిన సమాధానమిది. చీటి కాగితమును చించివేయదు. కుక్కలు కూడదను నియమము తక్కిన వేడుకకుక్కల కన్నిటికిని చెల్లుచునే యుండును. ఈ యొక్క మనుష్యుని విషయమున మాత్రము నియమము కొంత వంగవలసి రావచ్చును. నీ కుమారుని వెంటనే కాదనవలదనుము; కోపముతో జవాబు వ్రాయవలదనుము; నెలలతరబడి మౌనముగ నుండవలదనుము. ఆలస్యముగూడ నిరాకరణముగ లెక్కింపబడవచ్చును. అడిగిన తేదీ, చూపిన చీటి, తానిచ్చిన ఉత్తరువు – అన్నియు వ్రాతలో నుంచుకొనుమనుము. అన్యాయము జరిగినదని తోచిన అద్దెదారుడు ఒక సంవత్సరములోపల గృహశాఖకు ఫిర్యాదు చేయవచ్చును. రెండు సంవత్సరములలోపల కోర్టుకు పోవచ్చును. అంతకాలము తరువాత నోటిమాటలెవరికి జ్ఞాపకముండును?

మనదేశమునందును ఈ భావము క్రొత్తది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున ఇట్టి సబబైన సర్దుబాటు నిర్వచింపబడియే యున్నది; మానసికవ్యాధియు అందు వైకల్యములలో చేర్చబడినది. కాని చట్టపుస్తకములో చేరిన మాట మన వీధి యరుగుమీదికి ఇంకను రాలేదు. కాలు విరిగినవానికి కఱ్ఱ ఇత్తుము. మనసు విరిగినవానికి ధైర్యము తెచ్చుకొమ్మని చెప్పి పంపివేయుదుము. నలువదియేండ్లు బడిపిల్లల మధ్య గడపినవాడను గనుక చెప్పుచున్నాను: ఏడ్చు పిల్లవాని దుఃఖము గుర్తించుట సులభము. ఏడ్వని పిల్లవాని దుఃఖము గుర్తించుటయే కష్టము.

ఇంతవరకు మన బిడ్డ యజమానియను తలపుతో మాటలాడితిని. కాని ఆ దేశమున మన బిడ్డలలో అద్దెదారులుగూడ ఎందరో కలరు. చలికాలమున ఒంటరిగదిలో, చదువు సాగక, ఉద్యోగము నిలుచునో లేదోయను బెంగతో, నిద్రపట్టక వైద్యునొద్దకు పోవు పిల్లలుందురు. వారు ఆ మాట ఇంటికి వ్రాయరు. ఒకనాడు మీ కుమార్తె టెలిఫోనులో, "నాన్నా, డాక్టరుగారు పిల్లిని పెంచుకోమని చీటీ రాసిచ్చారు" అని నవ్వుచు చెప్పవచ్చును. ఆ నవ్వును నమ్మి, పిల్లికి పాలుపోయుటకా నిన్ను పంపినది యని మీరుగూడ నవ్వినచో, ఆ బిడ్డ మఱియెన్నడును అసలు సంగతి చెప్పదు. అప్పుడు పిల్లిని గూర్చి యడుగవలదు. రాత్రులు నిద్ర పట్టుచున్నదా అమ్మా యని యడుగుడు. ఆ ప్రశ్న యడుగుటకు ఇంటియజమానికి అధికారము లేదు, తండ్రికి కలదు.